ఎనిమిదింటికీ సమాన పీట

ఒక బడి దేన్ని నమ్ముతుందో తెలుసుకోవాలంటే స్టాఫ్‌రూమ్ గోడ మీది టైంటేబుల్ చూడాలి. అదీ జూన్‌లో కాకుండా జనవరిలో చూడాలి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడేసరికి ఆటల పీరియడు లెక్కల సారు చేతికి వెళ్లిపోతుంది. డ్రాయింగు పీరియడు అంతకుముందే పోయి ఉంటుంది. లైబ్రరీ పీరియడులో స్లిప్ టెస్టు నడుస్తుంటుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. పిల్లల మేలు కోరే అలా చేస్తారు. పోయిన పీరియడు గురించి తల్లిదండ్రులూ అడగరు, పేరెంట్స్ మీటింగులో డ్రాయింగు టీచరు బల్ల ముందు క్యూ కట్టిన వాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

నేను సైన్సు చెబుతాను. రాష్ట్ర సిలబస్ బడిలో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ బ్యాకలారియెట్ (ఐబీ) బడికి మారాను. ఆరు నుంచి పదో తరగతి దాకా అక్కడ నడిచేది మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్. స్టాఫ్‌రూమ్‌లో అందరం ఎంవైపీ అంటాం. దీని గురించి బయట రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, అది డబ్బున్నవాళ్ల చదువని. రెండోది, అందులో పరీక్షలూ మార్కులూ ఉండవు, పిల్లలు ఆడుతూ పాడుతూ గడిపేస్తారని. మొదటి మాటలో నిజం ఉంది, దాని దగ్గరకు వస్తాను. రెండో మాటలో నిజం లేదు. నేను చూసిన వాటిలో మార్కు వేయడాన్ని ఇంత గట్టిగా పట్టించుకున్న చదువు మరొకటి లేదు.

ఐబీ 1968లో జెనీవాలో పుట్టింది. దేశాలు మారుతూ ఉండే ఉద్యోగుల పిల్లలు ఏ దేశపు విశ్వవిద్యాలయంలోనైనా చేరగలిగేలా ముందు చివరి రెండేళ్ల డిప్లొమా చదువును తయారుచేశారు. మధ్య వయసు పిల్లల సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో ఇంటర్నేషనల్ స్కూల్స్ అసోసియేషన్ వాళ్లు పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఒక ప్రణాళిక గీయడం మొదలుపెట్టారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ బడులు దాన్ని తొలినాళ్లలోనే అందిపుచ్చుకున్నాయి. 1994లో ఐబీ దాన్ని తన కార్యక్రమంగా ప్రకటించింది. 2014లో పెద్ద మార్పులు చేసి ఇప్పటి రూపం ఇచ్చింది.

అందులో ఎనిమిది సబ్జెక్టు వర్గాలున్నాయి. భాషా సాహిత్యం, రెండో భాష నేర్చుకోవడం, వ్యక్తులు-సమాజాలు, సైన్సు, గణితం, కళలు, వ్యాయామం-ఆరోగ్యం, డిజైన్. ‘వ్యక్తులు-సమాజాలు’ అంటే మనం సోషల్ అని పిలుచుకునేదే. ప్రతి వర్గానికీ ఏడాదికి కనీసం 50 గంటల బోధన ఉండాలన్నది నియమం. చివరి రెండేళ్లలో మాత్రం ఎనిమిదింటిని ఆరుకు తగ్గించుకోవచ్చు. అప్పటిదాకా ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేయడం కుదరదు. ఇచ్చేస్తే గంటల లెక్క తప్పుతుంది, ఆ సబ్జెక్టులో మూల్యాంకనం చేయడానికి పిల్లల పని చేతిలో ఉండదు.

గంటలతోనే సరిపోదు. ప్రతి సబ్జెక్టుకూ నాలుగు ప్రమాణాలున్నాయి. ఒక్కోదానికి ఎనిమిది చొప్పున మొత్తం 32. వాటిని కలిపి ఒకటి నుంచి ఏడు దాకా గ్రేడు ఇస్తారు. 28 గానీ అంతకు మించి గానీ వస్తే ఏడు, 24 నుంచి 27 దాకా ఆరు. నాట్యానికీ ఇదే కొలత, గణితానికీ ఇదే. ప్రోగ్రెస్ రిపోర్టులో ఎనిమిదీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరుసలో ఉంటాయి. వినడానికి చిన్న సంగతే. కానీ కొన్ని సబ్జెక్టులకు పెద్దపీట వేసి మిగతావాటిని అరుగు మీద కూర్చోబెట్టడానికి అలవాటుపడిన మనకు ఆ వరుస మింగుడుపడటం కష్టం.

వ్యాయామాన్నే తీసుకోండి. అందులో నాలుగు ప్రమాణాల్లో ఆడి చూపించడం ఒకటి మాత్రమే. విషయం తెలియడం, తనకోసం ఒక శిక్షణ ప్రణాళిక వేసుకోవడం, చేసినదాన్ని తిరిగి చూసుకుని మెరుగుపడటం, ఇవి మిగతా మూడు. పరుగు పందెంలో ఎప్పుడూ చివర వచ్చే పిల్లవాడు ఒకడు నాకు తెలుసు. తన గుండె వేగం కొలుచుకుని, వారంలో ఏ రోజు నడవాలో, ఏ రోజు మెట్లెక్కాలో, ఏ రోజు విశ్రాంతి తీసుకోవాలో రాసుకున్నాడు. కొన్ని వారాలు పాటించాక మళ్లీ కొలుచుకున్నాడు. పందెంలో అప్పుడూ చివరే వచ్చాడు. గ్రేడు మాత్రం మంచిదే వచ్చింది, ఎందుకంటే ఆ సబ్జెక్టు నేర్పదలచింది అతను నేర్చుకున్నాడు. మన బడుల్లో ఇలాంటి పిల్లలు మైదానం అంచున కూర్చుని మిగతావాళ్ల చెప్పులకు కాపలా కాస్తుంటారు.

డిజైన్ అనేది మనవాళ్లకు బొత్తిగా కొత్తగా వినిపించే సబ్జెక్టు. నిజానికి ఆ ఆలోచన మనకు కొత్తది కాదు. చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలన్న గాంధీజీ నయీ తాలీమ్ 1937లో వార్ధా సమావేశంలో చర్చకు వచ్చింది. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రాసింది. తర్వాత మనం దాన్ని పక్కన పెట్టేశాం. ఎంవైపీలో డిజైన్ అంటే ముందు ఎవరికి ఏ ఇబ్బంది ఉందో వెతకడం, తర్వాత ఊహలను కాగితం మీద పెట్టడం, ఆ తర్వాత వస్తువు చేయడం, చివరికి అది పనికొచ్చిందో లేదో పరీక్షించడం. ఈ నాలుగే నాలుగు ప్రమాణాలు. ఒక తరగతి వాళ్లు ప్రైమరీ పిల్లలకు షూ స్టాండు చేశారు. చేసేముందు ఆ పిల్లల చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో టేపుతో కొలిచారు, ఒంటికాలి మీద నిలబడి లేసు కట్టుకోలేక ఎంతమంది గోడ పట్టుకుంటున్నారో చూశారు. దాంతో స్టాండు కాస్తా కూర్చునే బల్లగా మారింది, బూట్లు బల్ల కిందికి వెళ్లాయి. ఎదుటివాడి అవసరం చూసి తన ఊహను మార్చుకోవడం ఏ పాఠ్యపుస్తకంలోనూ పేజీగా దొరకదు. చేస్తేనే వస్తుంది.

ఇక నా పని గురించి చెప్పాలి. ఎంవైపీలో టీచరు చేతికి ఏ బోర్డూ పాఠ్యపుస్తకం ఇవ్వదు. ప్రతి యూనిట్టూ మనమే రాసుకోవాలి. ఏడాదికి ఒక్కసారైనా రెండు సబ్జెక్టులు కలిసి ఒక యూనిట్టు నడపాలి. మా బడిలో సోషల్ టీచరూ నేనూ కలిసి మూసీ నది మీద ఒకటి రాశాం. ముందు యూనిట్టు మొత్తానికి ఒక వాక్యం కావాలి. ఎంతో వాదించుకుని ఇలా రాసుకున్నాం: నదిని అదుపు చేసే ప్రతి కట్టడమూ నగరం పెరిగే తీరును మారుస్తుంది, ఆ మార్పులోని లాభనష్టాలు అందరికీ ఒకేలా అందవు. ఈ వాక్యం కింద మూడు రకాల ప్రశ్నలు వేసుకోవాలి. వెతికితే జవాబు దొరికేవి, ఆలోచిస్తే దొరికేవి, ఎంత ఆలోచించినా ఒకే జవాబు దొరకనివి.

మొదటి రకం ప్రశ్నలు 1908 సెప్టెంబరు 28 దగ్గర మొదలయ్యాయి. ఆ రోజు మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సూచించారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పిల్లలు వీటిని పాత ఫొటోల్లోంచి, పటాల్లోంచి తామే వెతికి తెచ్చుకున్నారు.

రెండో రకం ప్రశ్నల కోసం సైన్సు పీరియడులో రెండు ట్రేలు పెట్టాం. ఒకదాంట్లో గడ్డి మొలిచిన మట్టి, ఇంకోదాంట్లో సిమెంటు పలక. ఎంత నీళ్లు పోయాలి, ఎంత ఎత్తు నుంచి పోయాలి, వాలు ఎంత ఉండాలి, ఏది మార్చాలి, ఏది మార్చకూడదు, ఇవన్నీ పిల్లలే తేల్చుకోవాలి. మా పాత బడిలో ప్రయోగం అంటే ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అని నేను బోర్డు మీద రాసేవాణ్ని, వాళ్లు రికార్డులో ఎక్కించుకునేవాళ్లు. ఇక్కడ ‘విధానం’ దగ్గరే రెండు పీరియడ్లు పోయాయి. వాలు సమానంగా ఉండాలని రెండు ట్రేల కిందా ఒకే లెక్కన ఇటుకలు పెట్టారు. పోసే చెయ్యి మారితే ధార మారుతుందని ఒక్కరే పోయాలన్నారు.

మట్టి ట్రేలోంచి మొదటిసారి చాలా తక్కువ నీళ్లు కారాయి. రెండోసారి ఎక్కువ కారాయి, మూడోసారి ఇంకా ఎక్కువ. సిమెంటు మీద మూడుసార్లూ దాదాపు ఒకటే. కొలజాడీ పట్టుకున్న పిల్లవాడు విసుగ్గా, ‘సార్, మట్టి తడిసిపోయింది, ఎండాక మళ్లీ మొదట్నుంచి చేయాలి’ అన్నాడు. వాడి మాట సరైనదే, ప్రయోగం సమంగా ఉండాలంటే ఎండిన మట్టే కావాలి. పక్కనున్న అమ్మాయి మాత్రం పట్టిక వైపు చూస్తూ, ‘అంటే ముందురోజు వాన పడి ఉంటే, రెండోరోజు అదే వానకు నదిలోకి ఎక్కువ నీళ్లు వస్తాయి కదా సార్’ అంది. ఆ మాట విన్నాక ఆ రోజు నేను చెప్పాలనుకున్న పాఠం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. సోషల్‌లో చదివిన వరదా, సైన్సులో చూసిన ట్రేలూ ఆ పిల్ల బుర్రలో ఒకచోట కలిశాయి. రెండు సబ్జెక్టులు కలిపి నడపమని ప్రణాళిక పట్టుబట్టేది ఇందుకే.

మూడో రకం ప్రశ్న కష్టమైనది. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. నగరానికి నీళ్ల భద్రత ముఖ్యమా, ఆ గ్రామాల్లో, మొయినాబాద్ వైపు రైతుకు తన భూమి మీద హక్కు ముఖ్యమా? పిల్లలు రెండు పక్షాలుగా విడిపోయి వాదించారు. మేం ఇద్దరం టీచర్లం ఏ పక్షమూ తీసుకోలేదు. ‘నువ్వు చెప్పేదానికి ఆధారం ఏమిటి’, ‘ఎదుటిపక్షం మాటలో ఏది నిజం’ అని మాత్రమే అడిగాం. పద్నాలుగేళ్ల పిల్లలకు ఇంత పెద్ద విషయమా అని ఒక తండ్రి అడిగారు. నాలుగేళ్లలో ఓటు వేయబోయే వాళ్లకు ఇది పెద్దది కాదని నేను నమ్ముతాను.

అన్నిటికంటే నన్ను మార్చింది దిద్దడం. పని ఇచ్చేముందే ఆ పనిని ఏ ప్రమాణంతో చూస్తామో కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వాలి. సైన్సులో ప్రయోగాన్ని రూపొందించడం ఒక ప్రమాణం. పరిశోధించదలచిన ప్రశ్నను ఊరికే చెప్పి వదిలేస్తే ఒకటి రెండు మార్కుల మెట్టు. స్థూలంగా చూపిస్తే మూడు నాలుగు. వివరంగా చెబితే ఐదు ఆరు. ఎందుకు అన్నది కారణాలతో సహా చెబితే ఏడు ఎనిమిది. ఆ కాగితం చేతిలో ఉన్న పిల్లవాడు ‘సార్, నాకెందుకు తక్కువ వేశారు’ అని అడగడు. ‘ఇక్కడ నేను కారణం చెప్పాను కదా, చూడండి’ అంటాడు. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. మొదటిది దయ కోసం అడిగేది, రెండోది న్యాయం కోసం అడిగేది.

మేం నలుగురు సైన్సు టీచర్లం పేరు తీసేసిన ఒకే రిపోర్టును విడివిడిగా దిద్ది, ఆ తర్వాత బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు ఐదంటే ఇంకొకరు ఏడంటారు. ఎవరి మాట నెగ్గుతుందన్నది సీనియారిటీని బట్టి ఉండదు. పిల్లవాడు రాసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. ఒక్క మార్కు కోసం అరగంట మాట్లాడుకున్న రోజులున్నాయి. అవేవీ వృథా రోజులు కావు. పిల్లవాడి బతుకు మీద ముద్ర వేసే అంకె విషయంలో పెద్దల నుంచి అంత శ్రద్ధ పొందడం పిల్లల హక్కు.

ఇంకో నియమం ఉంది. ఏడాది మార్కులన్నీ కూడి సగటు తీయకూడదు. జూన్‌లో మూడుతో మొదలై మార్చికి ఆరుకు చేరిన పిల్ల స్థాయి ఆరే, నాలుగున్నర కాదు. తను ఇప్పుడేం చేయగలదో రిపోర్టు చెప్పాలి. మొదట్లో తెలియకపోవడం నేరం కాదని ఒక చదువు ఇంత స్పష్టంగా అంకెల్లో రాసిపెట్టడం నాకెంతో నచ్చింది.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. 2018లో తెలంగాణ తెచ్చిన చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు నేర్పడం అన్ని బోర్డుల బడులకూ తప్పనిసరి. ఐబీ బడులకు మినహాయింపు లేదు. ఇక ఎంవైపీలో రెండో భాషకున్న నాలుగు ప్రమాణాలు వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం. అంటే సగం మార్కులు చెవికీ నోటికీ. తెలుగు పరీక్ష అంటే మూడు గంటలు వంచిన తల ఎత్తకుండా రాయడమే అనుకునే మనకు ఇది పెద్ద మార్పు. అమెరికాలో పుట్టి ఇక్కడికి వచ్చిన పిల్లలు ఒత్తులు తప్పుతారు, కానీ ఇంట్లో అమ్మమ్మ మాటలు విని విని చక్కగా మాట్లాడతారు. ఉత్తరభారతం నుంచి వచ్చిన పిల్లలు కొందరు అక్షరాలు ముత్యాల్లా రాస్తారు, నోరు మాత్రం విప్పరు. ఈ రెండు రకాల పిల్లలకూ తాము ఎక్కడున్నారో, ఎటు నడవాలో విడివిడిగా కనిపిస్తుంది. మా తెలుగు టీచరు ఆర్టీసీ బస్టాండు ప్రకటనలు, రైతుబజారు బేరాలు ఫోనులో రికార్డు చేసుకొచ్చి వినిపిస్తారు. విన్నాక ప్రశ్నలడుగుతారు. బతికున్న భాషను బతికున్నట్టే పరీక్షించడం ఇది.

ఎంవైపీ ఐదో ఏడాదిలో ప్రతి పిల్లా పిల్లవాడూ సొంతంగా ఒక ప్రాజెక్టు చేయాలి. పాతిక గంటల దాకా పని. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఒక అబ్బాయి తమ గేటెడ్ కమ్యూనిటీలో పనిచేయడానికి వచ్చే ఆడవాళ్ల కోసం సిటీ బస్సుల పట్టిక తయారుచేశాడు. చదవడం రానివాళ్లకు కూడా అర్థం కావాలన్నది తనకు తాను పెట్టుకున్న షరతు. ఒక్కో రూటుకు ఒక్కో రంగు వేశాడు, స్టాపు పేరు బదులు అక్కడున్న గుడి, పెట్రోలు బంకు బొమ్మలు గీశాడు. మొదటి పట్టిక చూసి ఒకావిడ, ‘బాబూ, సాయంత్రం చీకట్లో ఈ రంగులు కనబడవు’ అంది. రంగులు మార్చాడు. ఆ మార్పు ఎందుకు చేశాడో రిపోర్టులో రాసిన పేరా ఆ ప్రాజెక్టుకే ప్రాణం. తమ ఇంట్లో పనిచేసే మనిషి రోజూ ఎంత దూరం నుంచి వస్తుందో పదహారేళ్లకు అతనికి తెలిసింది.

ఇప్పుడు డబ్బు మాట. ఈ బడుల్లో ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. మంచి చదువు కొద్దిమందికే అందే సరుకైపోవడం నాకు నిత్యం బాధ కలిగించే విషయం. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఈ పేరు సర్కారు బడుల దాకా వెళ్లింది. తర్వాత ప్రభుత్వం మారింది, చర్చ సద్దుమణిగింది. ఆ ఒప్పందం మంచిచెడ్డల జోలికి నేను పోను. కానీ ఈ ప్రణాళికలో విలువైన భాగం ఖరీదైనది కాదని లోపలుండి చూసిన మనిషిగా చెప్పగలను. రెండు ట్రేలు, కాసిన్ని ఇటుకలు, ఒక టేపు, ఇద్దరు టీచర్లు మాట్లాడుకునే అరగంట, వీటికి స్విట్జర్లాండు అనుమతి అక్కర్లేదు. ఖరీదైనవి భవనమూ బోర్డు మీది పేరూ. పిల్లవాడిని ఎదిగించేది వాటి లోపల జరిగే పని.

మన దగ్గర నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉంది. ఫార్మేటివ్ పరీక్షలున్నాయి, ప్రాజెక్టు పనులున్నాయి. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేకుండా చేతిపనులు చూపించమంది. కాగితం మీద మనకు లోటు లేదు. ప్రాజెక్టు అంటే స్టేషనరీ షాపులో చార్టు కొనుక్కొచ్చి అతికించడం అయిపోయిందంటే, ఆ పనిలో దేన్ని చూస్తామో ముందుగా ఎవరూ పిల్లవాడికి చెప్పలేదు కాబట్టే. చెప్పని చోట పిల్లవాడు అందాన్ని చూపిస్తాడు, టీచరు ఆ అందానికే మార్కు వేస్తారు.

అందుకే తోటి టీచర్లను ఒక్కటి అడుగుతున్నాను. వచ్చే ఫార్మేటివ్ పరీక్షకు ఒక్క పనినైనా ఇలా ఇచ్చి చూడండి. పని ఇచ్చేముందు బోర్డు మీద నాలుగు వాక్యాలు రాయండి, ఏం చేస్తే ఎన్ని మార్కులో. పక్క సబ్జెక్టు టీచరును పిలిచి అవే కాగితాలు దిద్దమనండి. మీ ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకోండి. దీనికి ఎవరి సర్క్యులరూ రానక్కర్లేదు. తల్లిదండ్రులను కూడా ఒకటి అడుగుతున్నాను. ఈసారి మీటింగుకు వెళ్లినప్పుడు లెక్కల సారును కలిశాక, పీఈటీ సారునూ డ్రాయింగు టీచరునూ కలిసి, ‘మావాడు మీ దగ్గర ఏం నేర్చుకుంటున్నాడండీ’ అని అడగండి. ఆ ప్రశ్న పది మంది అడిగిన బడిలో ఆ పీరియడును ఇంకొకరికి ఇచ్చేయడం ఏ హెడ్‌మాస్టరుకూ అంత తేలిక కాదు.